ఫైబరు పడవకు దెబ్బ తగిలినచో

పడవ మరమ్మతు మన తీరవాసులకు కొత్త విద్య కాదు. పూర్వము కోరమండల తీరమున కెరటముల కెదురు నడచిన మసూలా పడవలకు ఇనుప మేకులుండెడివి కావు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. కుట్టు తెగిన చోట పడవను ఇసుకపై బోర్లించి, తిరిగి కుట్టుకొని నీటిలో దింపెడివారు. తెప్పలో దుంగ పుచ్చిపోయినచో దానిని విప్పి మరియొక దుంగను కట్టెడివారు. కొయ్యనావ పలకల సందులు విడినచో నూలుపీచు, గుగ్గిలము దట్టించి పూడ్చెడివారు. పడవ నడుపువాడే పడవను బాగుచేసికొనుట అప్పటి ఆచారము.

ఫైబరు గ్లాసు పడవ వచ్చిన పిమ్మట ఈ ఆచారము కొంత సన్నగిల్లినది. గాజుపోగులను జిగురుతో అతికి పడవ చేయు పద్ధతి రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలో ఆరంభమైనది. మన తూర్పుతీరమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమమును నెలకొల్పి, రేవులు లేని ఇసుక తీరములలో దిగదగిన పడవల నమూనాలను తయారుచేయించి పరీక్షింపజేసినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో పడవలు పోగొట్టుకొన్నవారికి తరువాత లభించిన పడవలలో పెక్కు ఫైబరువే. అవి తేలికయైనవి, పుచ్చవు, చెదలు పట్టవు. అందువలన వాటికి మరమ్మతే అవసరము లేదను అపోహ ఒకటి బయలుదేరినది. దెబ్బ తగిలినప్పుడు మాత్రము “ఇది కంపెనీ వస్తువు, మన చేతిలో పని కాదు” అని దానిని ఒక మూలకు నెట్టుదురు. లేదా పైన ఇంత ముద్ద పెట్టి, రంగు పూసి నీటిలోకి త్రోయుదురు. ఈ రెంటిలో రెండవది ఎక్కువ ప్రమాదకరము.

సముద్రమునకు దూరముగా, విజయవాడ నుండి జగదల్‌పూరు పోవు జాతీయ రహదారిపై తెలంగాణ సరిహద్దున నున్న తిరువూరువారికి ఈ పడవల గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చును. చేపల చెరువున్న చోట పడవకు పని ఉన్నది. మేత చల్లవలెనన్నను, వల వేయవలెనన్నను, గుర్రపుడెక్క తీయవలెనన్నను చిన్న పడవ చేయు సాయము ఇంతంత కాదు. అంతేకాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో, మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టిన బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగరును, పరిసరపు వాడలను ముంచినప్పుడు తీర గ్రామముల మత్స్యకారులు తమ పడవలతో వచ్చి ఇండ్ల కప్పులపై చిక్కుకొన్నవారిని దించిన సంగతి అందరెరిగినదే. వరద వచ్చినప్పుడు పడవ ఎచ్చటనున్నను దానికి పిలుపు వచ్చును. అటువంటి నీటిలో ప్రహరీగోడ అంచు, ఇనుపగేటు మొన, రోడ్డు మధ్య కాంక్రీటు దిమ్మ కనబడవు. అడుగున పూర్వమే చీలి, పైన రంగుతో కప్పబడిన పడవను ఆ నీటిలోకి పంపుట ఎట్టిదో వేరుగ చెప్ప నక్కరలేదు.

కనుక మొదట పడవ గోడలో ఏమున్నదో తెలిసికొనవలెను. బయట నిగనిగలాడు రంగుపొరను జెల్‌కోటు అందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు. రెండు పోస్టుకార్డులను ఒకదానిపై నొకటి పెట్టినంత. నీటిని, ఎండను ఆపుట దాని పని. బరువు మోయుట దాని పని కాదు. దాని వెనుక గాజుపోగుల పొరలు, వాటిని బంధించిన రెజిను అను జిగురు ఉండును. ఇంటి స్లాబులో ఇనుప కమ్ములు, సిమెంటు ఎట్లో ఇక్కడ గాజు, రెజిను అట్లు. జెల్‌కోటు గోడమీది సున్నము వంటిది. సున్నము పెచ్చులూడినచో ఇల్లు కూలదు, కాని వాన నీరు గోడలోనికి దిగుటకు దారి ఏర్పడును. గోడయే బీటలు వారినప్పుడు సున్నము కొట్టుట వలన ప్రయోజనము లేదు. పడవకు తగిలిన దెబ్బ సున్నముదా, గోడదా అనునదే మరమ్మతునకు మూలప్రశ్న.

దీనిని తేల్చుటకు యంత్రములు అక్కరలేదు. పడవను బోర్లించి, నాచు, బురద పోవునట్లు మంచినీటితో కడిగి, ఆరిన పిమ్మట ఒక రూపాయి నాణెముతో గాని, చిన్న సుత్తి పిడితో గాని దెబ్బ చుట్టును తట్టి వినవలెను. గట్టిగా నున్న చోట కంచు వలె స్పష్టమైన శబ్దము వచ్చును. లోపలి పొరలు విడిపోయిన చోట పుచ్చు గుమ్మడికాయను తట్టినట్లు బోలుగా వినబడును. శబ్దము మారిన చోటెల్ల సుద్దముక్కతో గీత గీయవలెను. కంటికి కనబడు పగులు రెండంగుళములే యైనను సుద్దగీత జానెడు దూరము పోవుట అరుదు కాదు.

పగుళ్ల తీరు కూడ కథ చెప్పును. ఒక బిందువు నుండి సాలెగూడు వలె నలుదిక్కుల పోయినవి రాయి వంటిదేదో తగిలిన గుర్తు. పక్కపక్కన ఒకే వరుసలో సాగినవి ఆ భాగము బరువునకు వంగుచున్నదని తెలుపును. అట్టిచోట పైపూత ఎన్నిమారులు వేసినను తిరిగి పగులును, లోపలివైపు బలము చేర్చవలసినదే. దెబ్బ లోపలివైపున గాజుపొర తెల్లగా పాలిపోయినచో పోగులు తెగినవనియో, జిగురు విడినదనియో తెలియవలెను.

చెరువు పడవలకు మరియొక జబ్బు కలదు. అడుగున చిన్న చిన్న పొక్కులు లేచును. పొడిచినచో పులిసిన వాసన గల ద్రవము కారును. నీరు ఆవిరి రూపమున పైపొర గుండ లోనికి చేరి, రెజినులోని కొన్ని పదార్థములను కరిగించుకొని, మరింత నీటిని తనవైపు లాగుకొనుట దీనికి కారణము. ఎండుద్రాక్షను మంచినీటిలో వేసినచో ఉబ్బును. మామిడిముక్కను ఉప్పులో ఊరవేసినచో ముడుచుకొనును. ఆ సూత్రమే ఇది. కనుకనే ఉప్పునీటి కంటె మంచినీటిలో నిలువ ఉన్న పడవకు పొక్కులు త్వరగా వచ్చును. సముద్రమే పడవలను తినివేయుననియు, చెరువు నీరు ఏమియు చేయదనియు అనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను. పని లేనప్పుడు పడవను గట్టుకు లాగి బోర్లించి యుంచుటే దీనికి చౌకయైన మందు.

ఇక ఆరబెట్టుట. మరమ్మతులు చెడుటకు మేము చూచిన కారణములలో తొందరపాటే అగ్రస్థానము వహించును. తడిసిన గాజుపొరపై రెజిను పట్టదు. పట్టినట్లు కనబడి, కొన్ని మాసములకు రేకు వలె లేచివచ్చును. ఆరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఒకటి. తెల్లని పారదర్శకమగు ప్లాస్టిక్ కాగితమును దెబ్బమీద పరచి, నాలుగంచులు టేపుతో అంటించి, ఒక పగలు ఎండలో ఉంచి చూడవలెను. లోపల చెమ్మ బిందువులు కట్టినచో ఇంకను ఆరలేదు. మన ప్రాంతములో చెరువులు అడుగంటు చైత్ర వైశాఖములు ఈ పనికి అనువైన కాలము. చెరువులో నీరుండదు, పడవకు పనియుండదు, గాలిలో తేమ తక్కువ. శ్రావణమున ముసురులో ఈ పనికి పూనుకొనరాదు.

అయితే వేసవికి ఒక చిక్కు కలదు. తిరువూరు ప్రాంతమున ఎండ నలువది డిగ్రీలు దాటు దినములు కొల్లలు. అంతటి వేడిలో రెజిను కుంచెకు అంటకముందే గడ్డకట్టును. కావున పడవపై తాటాకు పందిరి వేసి, తెల్లవారుజామున నీడలో పని చేయవలెను. నేరుగా ఎండ తగులుచున్న గోడపై ఎన్నడును పూయరాదు.

సరుకుల సంగతి. పాలియెస్టరు రెజిను, జెల్‌కోటు, గాజుమ్యాటు, క్యాటలిస్టు, ఎసిటోను అను అయిదు ముఖ్యము. గాజుమ్యాటు అనగా తరిగిన గాజుపోగులను చాప వలె అదిమిన గుడ్డ. చదరపు మీటరునకు 300 గ్రాములు, 450 గ్రాములు అను లెక్కన అమ్ముదురు. మరమ్మతునకు 450 గ్రాములది అనుకూలము. మగ్గపు గుడ్డ వలె నేసిన రోవింగు అను మరియొక రకము కలదు. అది బలమైనదే గాని పాత గోడను నేరుగా సరిగా పట్టదు. దానిని వాడదలచినవారు మొదట ఒక మ్యాటు పొర వేసి, దానిపై వేయవలెను.

రెజిను సీసాలో నుండగా తేనె వలె ఉండును. దానిని గడ్డకట్టించునది క్యాటలిస్టు, తోడుచుక్క పాలను గడ్డకట్టించినట్లు. అయితే పెరుగు తోడువలె దీనిని చేతి వాటముగా వేయరాదు. కిలో రెజినుకు 10 మొదలు 20 మిల్లీలీటర్ల వరకే పరిమితి. వేసవిలో పదికి దగ్గరగా, చలికాలమున ఇరువదికి దగ్గరగా వేయవలెను. పదికి తగ్గినచో రెజిను ఎన్నటికిని పూర్తిగా గట్టిపడదు. ఇరువది మించినచో వేడెక్కి, పొగలు చిమ్మి, పెళుసుగా మారును. “ఒక మూతెడు పోయుము” అను దుకాణదారుల కొలత మాకు నచ్చదు. మూతలు అన్నియు ఒక్క తీరున నుండవు. సూది తీసిన ప్లాస్టిక్ సిరంజి, వంటింటి చిన్న తక్కెడ, ఈ రెండును ఉన్న ఇంట కొలత తప్పదు.

ఇచ్చట ఒక ప్రాణాపాయమును గూర్చి హెచ్చరింపక తప్పదు. కొన్ని రెజినులకు క్యాటలిస్టు కాక, యాక్సిలరేటరు అను ఊదారంగు కోబాల్టు ద్రవమును కూడ కలుపవలసి యుండును. ఈ రెండు ద్రవములు నేరుగా ఒకదానితో నొకటి కలిసినచో మంటలేచి పేలును. మొదట ఒకదానిని రెజినులో వేసి బాగుగా కలిపి, ఆ పిమ్మటనే రెండవదానిని వేయవలెను. ఒకే సిరంజితో రెంటిని కొలువరాదు, ఒకే గూటిలో రెండు సీసాలను పెట్టరాదు. కోబాల్టు ముందే కలిపిన రెజిను కూడ దొరకును. కొనునప్పుడు దుకాణములో అడిగి దానినే తెచ్చుకొన్నచో ఈ బెడద ఉండదు. మా సలహా అదియే.

క్యాటలిస్టు చుక్క కంటిలో పడినచో చూపు పోవచ్చును. కళ్లద్దములు లేకుండ దాని మూత విప్పరాదు. పొరపాటున పడినచో పావుగంట తగ్గకుండ ధారగా మంచినీటితో కంటిని కడిగి, వెంటనే వైద్యుని కడకు పోవలెను. రెజిను, ఎసిటోను ఆవిరులు నిప్పంటుకొను స్వభావము గలవి. చుట్ట, బీడీ, వంటపొయ్యి ఆ దరిదాపులకు రాకూడదు. గాజుపొడి ఊపిరితిత్తులకు హానికరము, ఒంటికి దురద. నిండుచేతుల చొక్కా, ముక్కుకు నోటికి దుమ్ము ఆపు మాస్కు, చేతులకు తొడుగులు వేసికొని, గాలి వీచు దిక్కునకు వీపు పెట్టి అరగదీయవలెను. పిల్లలను దూరముగా ఉంచవలెను.

ఇప్పుడు ఒక ఉదాహరణముతో పని వివరింతుము. అయిదు మిల్లీమీటర్ల మందము గల గోడకు రాయి తగిలి, బోలుగా పలికిన భాగమంతయు కోసివేయగా ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున గుండ్రని రంధ్రము మిగిలినదనుకొందము. “ఇంత చిన్న పగులుకు ఇంత రంధ్రమా?” అని యజమాని గుండె గుభేలుమనును. కాని విడిపోయిన పొరను లోపల ఉంచి పైన కట్టు కట్టుట పుండును కడుగకుండ కట్టు కట్టుట వంటిది. కోయునప్పుడు మూలలు లేకుండ గుండ్రముగానో, కోడిగ్రుడ్డు ఆకారముగానో కోయవలెను. మూల ఉన్న చోట నుండి మరల పగులు సాగును.

అరగదీయుటకు ముందే ఎసిటోనులో తడిపిన శుభ్రమైన గుడ్డతో చుట్టును తుడువవలెను. గుడ్డను తరచు మార్చవలెను. గోడకు పట్టియున్న మైనము, నూనె తుడువక అరగదీసినచో అవి గాజులోనికి దిగి, పైన వేసినదానిని పట్టనీయవు. చాలమంది ఈ వరుసను తలక్రిందులు చేయుదురు.

తరువాత గ్రైండరుతో గాని, ముతక ఉప్పుకాగితముతో గాని రంధ్రపు అంచును పళ్లెపు అంచు వలె ఏటవాలుగా అరగదీయవలెను. ఎంత ఏటవాలు? గోడ మందము ఒక మిల్లీమీటరునకు పండ్రెండు మిల్లీమీటర్ల చొప్పున. అనగా మన గోడకు అన్నివైపుల అరువది మిల్లీమీటర్లు. ఎనిమిది సెంటీమీటర్ల రంధ్రము చుట్టు ఇరువది సెంటీమీటర్ల పళ్లెము ఏర్పడును. క్రొత్త అతుకు బలమంతయు ఈ ఏటవాలులోనే ఉన్నది. పాతగోడకు క్రొత్తగోడకు మధ్య జిగురే గాని అల్లిక లేదు. కనుక అవి ఆనుకొను స్థలము ఎంత విశాలమైనచో పట్టు అంత ఎక్కువ. నిట్టనిలువు అంచుల రంధ్రములో బిరడా వలె రెజిను పోసినచో తొలి కుదుపునకే అది ఊడివచ్చును.

మేము ఒక చెరువు గట్టున అట్టి బిరడా వేసిన పడవను చూచితిమి. పైన ముచ్చటైన నీలిరంగు. యజమాని బొటనవ్రేలితో నొక్కగా ముద్ద లోనికి జరిగినది. కార్లకు వాడు లప్పముతో పూడ్చిరట. ఆ లప్పములోని మెత్తని పొడి నీటిని పీల్చుకొనును. నీటిగీతకు దిగువన అది పనికిరాదు. దుకాణములలో దొరకు రెండు ముద్దల ఎంసీల్ వంటివి నడిచెరువులో చిల్లు పడినప్పుడు గట్టు చేరుటకు బాగుగనే ఆదుకొనును. గట్టు చేరిన పిమ్మట వాటిని తీసివేసి సక్రమమైన పని చేయవలెను.

రంధ్రమునకు వెనుక ఆధారము కావలెను. లోపలివైపునకు చేయి పోవు చోట, బయటివైపున మైనము రుద్దిన సన్‌మైకా ముక్కను పడవ వంపునకు తగినట్లు బిగించి, లోపలి నుండి పొరలు వేయుట సుఖము. అప్పుడు ఏటవాలు లోపలివైపు తీయవలెను. మొదట ఆ ముక్కపై జెల్‌కోటు పూసి, అది వ్రేలికి అంటకుండ జిగటగా మారిన తరువాత గాజుపొరలు వేసినచో బయటివైపు నున్నగా వచ్చును. లోపలికి చేయి పోని చోట పలుచని అట్టను రెజినుతో తడిపి గట్టిపరచి, దానికి తీగ కట్టి రంధ్రములో దూర్చి, వెలుపలికి లాగి పట్టి అతికించి, దానిపై బయటనుండి పొరలు వేయవలెను.

మ్యాటును అయిదు గుండ్రని ముక్కలుగా చింపుకొనవలెను: పెద్దది ఇరువది సెంటీమీటర్లు, చిన్నది పది, మధ్యవి క్రమముగా. కత్తెరతో కోసిన అంచు కంటె చేతితో చింపిన అంచు పాతగోడలో బాగుగా కలియును. 450 గ్రాముల మ్యాటు ఒక పొర సుమారు ఒక మిల్లీమీటరు మందము ఇచ్చును కనుక అయిదు మిల్లీమీటర్లకు అయిదు ముక్కలు. ఏది ముందు వేయవలెననుటలో పనివారిలో రెండు మతములున్నవి. పెద్ద ముక్కను ముందు వేయుటయే మాకు సమ్మతము. ఏటవాలు అంతటిని ఒకే అఖండమైన పొర కప్పును. తరువాత పైన అరగదీసినను ఆ పొర తెగదు.

రెజిను ఎంత కలుపవలెను? మ్యాటు బరువునకు రెండున్నర రెట్లు. పై అయిదు ముక్కల బరువు నలువది గ్రాములకు కొంచెము మించును. రెజిను నూరు గ్రాములు చాలును. దానికి క్యాటలిస్టు ఒకటి, రెండు మిల్లీలీటర్లు మాత్రమే! సిరంజి ఎందుకంటిమో ఇప్పుడు తెలిసియుండును. అర కిలో కలిపి కూర్చున్నచో సగము డబ్బాలోనే గడ్డకట్టి పొగలు గ్రక్కును. అట్టి డబ్బాను చెత్తలో వేయరాదు, నిప్పు పుట్టవచ్చును. బయట మట్టినేలపై పెట్టి చల్లారనీయవలెను.

గోడకు ముందు రెజిను పూసి, దానిపై ముక్క నుంచి, కుంచెతో రుద్దక నిలువుగా పొడుచుచు తడుపవలెను. రుద్దినచో పోగులు చెదరును. తడిసిన మ్యాటు తెలుపు పోయి అద్దము వలె తేటపడును. తెల్లమచ్చ ఉన్న చోట గాలి చిక్కుకొన్నదని అర్థము. గాడుల ఇనుప రోలరుతో నడుమ నుండి అంచులకు నెట్టి వెడలగొట్టవలెను. మూడు పొరలు వేసి, వేడి తగ్గనిచ్చి, తక్కిన రెండు వేయవలెను. అన్నియు ఒక్కసారే వేసినచో లోపలి వేడికి అతుకు వంకరపోవును. మరునాడు లోపలివైపున కూడ కొంచెము అరగదీసి, అతుకు కంటె వెడల్పుగా రెండు పొరలు చేర్చినచో పని మరింత పదిలము.

ఎపాక్సీ అను మరియొక జిగురు కలదు. అది పాతగోడను పాలియెస్టరు కంటె గట్టిగా పట్టును, ధర ఎక్కువ. దానిపై పాలియెస్టరు జెల్‌కోటు సరిగా నిలువదు. ఎపాక్సీతో అతికినవారు పైన తగిన పెయింటు వేసికొనవలెను. మధ్యలో ఒక జిగురు నుండి మరియొక జిగురునకు మారరాదు.

ఇక పైపూత. లోతు గాజు వరకు పోని గీతలకు, చిన్న పెచ్చులకు ఇదొక్కటే చాలును. గీతను ఉలి మూలతో కొంచెము వెడల్పు చేసి, ఎసిటోనుతో తుడిచి, ఉప్పుకాగితముతో గరుకు చేసి, క్యాటలిస్టు కలిపిన జెల్‌కోటును అంచు కంటె వెంట్రుకవాసి ఎత్తుగా నింపవలెను. సాధారణ జెల్‌కోటు గాలి తగిలినంత కాలము పైన జిగటగానే యుండును. ఇది చెడిపోయిన సరుకని పారవేసినవారు కలరు! అది దాని గుణము. పూసిన వెంటనే దళసరి ప్లాస్టిక్ షీటును బుడగలు లేకుండ పరచి అంచులు టేపుతో మూసినచో గట్టిపడును. లేదా మైనము కలిపిన జెల్‌కోటును కొనవచ్చును. మరునాడు షీటు తీసి 220, 400, 600 నంబర్ల వాటరు పేపరుతో వరుసగా నీటితో రుద్ది, రబ్బింగు కాంపౌండుతో మెరుగుపెట్టవలెను. రంగు పాతదానితో అచ్చముగా కలియదు. పాతది ఎండకు వెలసియుండును. చేపలు దీనిని పట్టించుకొనవు.

పొక్కుల విషయమున ఒక్కొక్కదానిని విప్పి, మంచినీటితో పలుమారులు కడిగి, వారముల తరబడి ఆరనిచ్చి, ఎపాక్సీతో పూడ్చవలెను. అడుగంతయు పొక్కులైనచో అది చేతిపని కాదు.

అట్లే స్వయముగా చేయరాని పనులు మరికొన్ని కలవు. అడుగు వెన్ను విరిగినను, ఇంజను బిగించు వెనుకగోడ కదలినను, లోపలి అడ్డపట్టీలు గోడనుండి ఊడినను, ఆ గోడలోని చెక్క నాని మెత్తబడినను అనుభవము గల పడవల కార్ఖానాకు పంపవలెను. అవి పడవకు ఎముకలు. ప్రయాణికులను చేరవేయు యంత్రపు పడవలైనచో 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము ప్రకారము తనిఖీ, రిజిస్ట్రేషను ఉండవలెను. పెద్ద మరమ్మతు జరిగినప్పుడు ఆ సంగతి తనిఖీ అధికారికి తెలుపక జనులను ఎక్కించుకొనరాదు.

అతుకు గట్టిపడినదో లేదో చూచుటకు ఎసిటోను గుడ్డతో ఒకసారి తుడువవలెను. ఉపరితలము జిగటయైనచో క్యాటలిస్టు చాలలేదన్నమాట. ఆ పొరను గీకివేసి తిరిగి వేయుట తప్ప దానిపై మరియొక పొర వేసి దాచరాదు. ఉప్పుకాగితముతో రుద్దినప్పుడు పొడి పొడిగా రాలినచో గట్టిపడినట్లు. బంక వలె కాగితమునకు చుట్టుకొన్నచో ఇంకను కాలేదు. గట్టిపడిన పిమ్మట నాణెముతో మరల తట్టి వినవలెను. వారము దినములు నీడలో ఉంచి నీటిలో దింపుట మేలు.

మొదటి దినము పడవను గట్టు దగ్గరనే, మొలలోతు నీటిలో, మనుష్యులకు బదులు ఇసుక బస్తాలు వేసి ఒక పూట ఉంచవలెను. లోపలివైపు అతుకుపై పొడి సుద్ద రాచి యుంచినచో చెమ్మ తగిలిన చోట రంగు మారి తెలియును. మారనిచో అతుకు ప్రక్కన మరమ్మతు తేదీని పెయింటుతో వ్రాసి, నెల దినముల పిమ్మట తిరిగి తట్టి చూడవలెను. మిగిలిన గాజుముక్కలను, గట్టిపడిన రెజినును కాల్చక, చెరువులో వేయక, సంచిలో కట్టి చెత్త సేకరణకు ఇచ్చివేయవలెను. క్యాటలిస్టు సీసాను మూత బిగించి, చల్లని చీకటి చోట, తాళము వేసి, కోబాల్టునకు దూరముగా భద్రపరుపవలెను.